కదలని బండి, వెచ్చని ఇంజను

అద్దె గది, మూడో అంతస్తు
ఆదివారం

వదినకు నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరిద్దరూ ఎప్పటిలాగే పోట్లాడుకుంటూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావని తెలుసు. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకరు పెడతాడు. ప్రెస్సులో మెషీన్ల మధ్య ఇన్నేళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాణ్ణి తప్పుపట్టను గాని, మనింటి మాట వీధి చివరి దుకాణం దాకా వినపడటం నాకిష్టం లేదు. అందుకే నువ్వు బళ్ళకు సీట్లు కుట్టే కొట్టు చిరునామాకే రాస్తున్నాను.

సంగతి ఇది. మీ ఊళ్ళో ఒక మోటారు సైకిల్ అమ్మకానికి ఉంది. మామూలు బండి కాదు. నాలుగు సిలిండర్లు, ఆరువందల సీసీ, ట్యాంకు మీదికి వంగి కూర్చుని నడిపే పందెపు రకం. పేపర్లో ఫోటో వేశారు. అమ్మేది డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన. "ఒకే చేతి మీద నడిచింది, కొత్తదానిలా ఉంది" అని రాశాడు. అలా రాసిన బళ్ళు ఎలా ఉంటాయో నీకు చెప్పనక్కర్లేదు. నేనే వచ్చి చూద్దామంటే ఇక్కడ పెద్దాసుపత్రిలో లిఫ్టులకు తాళ్ళన్నీ మారుస్తున్నాం. సెలవు దొరకదు.

కాబట్టి నువ్వు వెళ్ళి చూడాలి. రోజూ బళ్ళ మధ్యే కూర్చునేదానివి. ఆయన స్టార్టు చేయకముందే ఇంజను మీద చెయ్యి ఆనించు. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే నువ్వు వచ్చేలోపే వేడెక్కించి పెట్టాడని, చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడంలో ఏదో రోగం ఉందని అర్థం. హ్యాండిల్‌ను ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, అది ఫ్రేముకు తగిలే చోట సొట్ట ఉందేమో చూడు. ఉంటే బండి ఎక్కడో పడిందన్నమాట. ప్లాస్టిక్ మారుస్తారు, రంగు వేస్తారు, ఆ సొట్ట సంగతి మాత్రం మరిచిపోతారు. ముందు చక్రానికి అటూ ఇటూ మెరిసే గొట్టాల మీద నూనె తడి ఉండకూడదు. చైను తిరిగే పళ్ళు కొక్కేల్లా వంగి ఉండకూడదు.

రెండు మనవులు. అన్నయ్యకు చెప్పకు. వేళాకోళం చేయకు. పోయినసారి నాకు పాత ఫ్రిజ్ చూడమంటే, లోపల కప్ప కాపురం పెట్టిందని రాసి, నేను సెలవు పెట్టుకుని వచ్చి తలుపు తీసేదాకా నీ మొహంలో నవ్వు కనపడలేదు. ఇది అలాంటిది కాదు. ఆ బండి ఎక్కి ఒక్కసారి గట్టిగా నడిపితే నాకు ఒక సంగతి తేలిపోతుంది. అది తేలాలి.

ఇట్లు
నీ మరిది


సీటు కొట్టు, కుట్టుమిషను బల్ల
గురువారం

చిరంజీవి మరిదిగారికి వదిన దీవెనలు.

నూరేళ్ళూ బతకమని రాయాలి. ఆ బండిని చూసొచ్చాక ఎన్నేళ్ళని రాయాలో తెలియక దీవెనలతో సరిపెట్టాను.

మొదటి అనుమానం నీ మీదే. పాత బండి మీద వెళుతూ వెనకనుంచి వచ్చే సైకిళ్ళకు దారిచ్చేవాడివి. నలభై మూడేళ్ళ వయసులో, జుట్టు వెనక్కి జరుగుతుంటే, బండి ముందుకు దూకాలనిపించిందా? "ఒక సంగతి తేలాలి" అంటావు. ఆ సంగతికి పొడుగు జడా, పొట్టి జుట్టా? ఏదైనా ఫరవాలేదు, ముందు నాకు చూపించు. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి నువ్వు ఏడో తరగతి, చొక్కా గుండీలు కూడా నేనే పెట్టేదాన్ని. నీ పోకడలు నాకు తెలియకుండా సాగవు.

ఇక బండి. డ్రైవింగ్ స్కూలాయన బక్కపలచగా, గళ్ళ చొక్కాలో, చాలా మర్యాదగా ఉన్నాడు. నేర్పే కార్లో ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది చూడు, అందుకని నేను ఆయనకు రెండు బ్రేకులాయన అని పేరు పెట్టాను.

"ఎవరికమ్మా బండి?" అన్నాడు.

"నాకే."

నా చెప్పుల దగ్గర్నుంచి కళ్ళద్దాల దాకా చూశాడు. "మీకా?"

"మా అత్తగారికి కొందామనుకున్నా, ఆవిడకు ఎరుపు నచ్చదండీ."

అద్దం గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుతున్న ఆయన భార్య పెన్ను నోట్లో పెట్టుకుని నవ్వాపుకుంది. ఆవిడ నాకు నచ్చింది.

షెడ్డులోకి తీసుకెళ్ళాడు. నువ్వు చెప్పినట్టే ముందుగా ఇంజను మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది మరిదీ. ఇస్త్రీ చేసి పక్కన పెట్టిన చొక్కాలా ఉంది.

"పొద్దున్నే ఓసారి హైవే దాకా వెళ్ళొచ్చాను," అన్నాడు, నేను అడక్కుండానే.

"రాత్రి వానకు రోడ్డంతా బురద కదండీ. టైర్లు భలే తుడిచారే."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. టైర్ల గురించి అడిగితే అద్దాలు తుడిచే మనిషిని నేను నమ్మను.

సొట్ట లేదు. గొట్టాలు పొడిగా ఉన్నాయి. చైను పళ్ళు చిన్నపిల్లాడి పళ్ళలా ఉన్నాయి. ఇక సీటు. అది నా సబ్జెక్టు. తిరిగిన బండి సీటు అంచుల దగ్గర తొడలు రాసుకుని నున్నబడుతుంది. మలుపుల్లో మనిషి అటూ ఇటూ జరుగుతాడు కదా. దీని అంచుల్లో కుట్టు నిన్న వేసినట్టుంది. నడిమధ్యన మాత్రం దిండులా కుంగింది. అంటే కూర్చున్నారు, కదల్లేదు. ఇదెక్కడి హైవే?

ఏ లోపం లేని సంబంధం వస్తే పిల్ల తల్లికి నిద్ర పట్టదు. నా పరిస్థితి అలా ఉంది. కొనకు.

నీ
వదిన


ఆసుపత్రి అడుగు అంతస్తు, లిఫ్టు గొయ్యి పక్కన
బుధవారం, భోజనాల వేళ

వదినా,

జడా లేదు, జుట్టూ లేదు. ఉంటే మొదట నీకే చెప్పేవాణ్ణి. నువ్వు ఆ అమ్మాయి కుర్చీ కింద టపాకాయ పెడతావని భయపడి చివర్న చెప్పేవాణ్ణేమో గాని, చెప్పేవాణ్ణి.

ఇంజను వెచ్చగా ఉందంటే నాకూ నచ్చలేదు. కాని హైవే దాకా వెళ్ళొచ్చి ఉండొచ్చు కదా. నిజంగా తిరుగుతోందా లేదా అన్నది తేల్చు. చెప్పకుండా వెళ్ళు. మాటల్లో పెట్టు, ఆ విద్య నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొనకు అని మాత్రం అప్పుడే అనకు.

తొందరగా రాయి. ఈ నెలాఖరుకు పైన మోటారు గదిలో పని మొదలవుతుంది. ఆలోపే నాకు బండి కావాలి. ఇప్పటికి కింద పనే. నాతో జతగా పనిచేసే జోడీగాడు లిఫ్టు పైకెక్కి తాడు పట్టుకుంటున్నాడు, నేను గొయ్యిలో ఉండి చూస్తున్నాను. నాకు మోకాలు కాస్త పట్టేసింది. అంతే, ఏమీ లేదు.

అన్నయ్యకు చెప్పలేదు కదా?

మరిది


సీటు కొట్టు
సోమవారం

మరిదీ,

చెప్పలేదు. మీ అన్నయ్యకు చెప్పాలంటే అరవాలి, అరిస్తే ఊరికి చెప్పినట్టే.

తేల్చమన్నావు, తేల్చాను. ఎలాగో చదివి నీ వదిన తెలివికి ఒక దండం పెట్టుకో.

బండికి వర్షపు తొడుగు కుట్టాలి, కొలతలు కావాలి అని మళ్ళీ వెళ్ళాను. ఆయన తాళాలు తేవడానికి లోపలికి వెళ్ళగానే, రెగ్జిన్ మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, ముందు టైరు మీదనుంచి నేల మీదికి ఒకే గీత గీశాను. బండి గోరంత కదిలినా పై గీత ఒకచోట, కింద గీత ఒకచోట ఉంటాయి. మళ్ళీ తెచ్చి అక్కడే నిలబెట్టినా ఆ రెండూ కలపడం సృష్టికర్త వల్ల కూడా కాదు.

వారం ఆగి, కొలత ఒకటి మరిచిపోయానని మళ్ళీ వెళ్ళాను. గీత గీసినట్టే ఉంది. ఇంజను వెచ్చగా ఉంది.

"ఇవాళ కూడా హైవేకేనాండీ?"

"ఆఁ, పొద్దున్నే గాలి బావుంటుంది," అన్నాడు.

కదలని బండి, వెచ్చని ఇంజను, గాలి తిన్న పెద్దమనిషి. దొంగబండేమో, బయటకు తీస్తే పట్టుబడతాడేమో అనుకున్నాను. ఆఖరికి నిన్న తెల్లారగట్ల పాల కోసమని బయల్దేరి ఆ షెడ్డు వెనక సందులోకి వెళ్ళాను. షట్టరు కింద మోకాలి ఎత్తు సందుంది. ఈ వయసులో, ఈ నడుముతో నేల మీద కూర్చుని చూశాను.

రెండు బ్రేకులాయన తోలు కోటు, చేతులకు తొడుగులు, తలకు హెల్మెట్, అంతా తగిలించుకుని బండెక్కాడు. మీట నొక్కాడు. చల్లటి ఇంజను ఒక్క నొక్కుకు అందుకుంది, రోగమూ లేదు, రొష్టూ లేదు. ఇక చూడు. స్టాండు తీయలేదు. ఎడమకు ఒరిగాడు. కుడికి ఒరిగాడు. ట్యాంకు మీద గడ్డం ఆనించి దూసుకుపోయాడు, ఉన్నచోటే. ఇంతలో వాళ్ళావిడ టీ కప్పుతో వచ్చింది.

"ఎక్కడిదాకా వచ్చారు?" అంది, చాలా మామూలుగా.

"వంతెన దాటాను," అని హెల్మెట్ లోంచి గొంతు.

"టీ చల్లారుతోంది. తిరిగి రండి."

నోట్లో చెయ్యి కుక్కుకుని సందు చివరిదాకా పాక్కుంటూ వచ్చాను. పాలు కొనడం మరిచిపోయాను. మీ అన్నయ్యకు ఉత్త డికాషన్ పోశాను. ఊరంతటికీ బండి నేర్పే మనిషికి బండంటే భయం. ఈ ముక్క ఎవరికీ చెప్పకుండా నా కడుపు ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియదు.

వదిన


అద్దె గది
గురువారం

వదినకు,

ఉత్తరం అందింది. బండిలో లోపం లేదని అర్థమైంది. మొదటి నొక్కుకే స్టార్టయింది కాబట్టి ఇంక అనుమానం లేదు. ఆయనతో ఖాయం చేయి, నేను వచ్చి తీసుకెళతానని చెప్పు.

ఆ మనిషిని చూసి నవ్వకు. ఎవరికీ చెప్పకు. పొద్దున్నే లేచి తన భయం ముందు తను కూర్చుంటున్నాడు, అందులో నవ్వడానికేముంది? నీకు ఎప్పుడూ దేనికీ కాళ్ళు వణకలేదు, అందుకని తెలియదు.

మరిది


సీటు కొట్టు
ఆదివారం, కొట్టు మూసి

మరిదీ,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు, వెతక్కు.

నేను రాసిన దానికి నువ్వు నవ్వకపోవడమా? మీ నాన్న జారిపడ్డా ముందు నవ్వి తర్వాత లేపినవాడివి. నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. మోకాలు పట్టేసిందంటావు, మూడో అంతస్తు గది వదలవు. మెట్లెక్కే మోకాలు లిఫ్టు ఎక్కదా? చిన్నప్పట్నుంచి చెట్టు కనపడితే చిటారుకొమ్మ నీదే. జోడీగాడు పైన, నువ్వు కిందా? "కాళ్ళు వణకలేదు" అని నన్ను దెప్పావే, వణికినవాడు తప్ప ఆ మాట రాయడు.

ఇంక దాచి లాభం లేదు. నిన్న నీ జోడీగాడు కొట్టుకొచ్చాడు. వాళ్ళ మామగారి ఊరు ఇటువైపేనట, స్కూటరుకు సీటు కవరు వేయించుకున్నాడు. నేను తిన్నావా అని అడిగాను, అంతే. అంతా చెప్పేశాడు. వింటూ వింటూ సూది వేల్లో గుచ్చుకున్నాను.

ఏం చెప్పాడో నేను రాయను. నీ చేత్తో నువ్వు రాయి. వాడి మాటా నీ మాటా కలుస్తాయో లేదో చూస్తాను. కలవకపోతే మీ అన్నయ్య చెవిలో అరుస్తాను.

వదిన


అద్దె గది
బుధవారం

వదినా,

వాడు నా మిత్రుడనుకున్నాను. అడగ్గానే కక్కేశాడన్నమాట. సరే, ఇంక నాకేం సిగ్గు.

మొదటిసారి నాలుగో అంతస్తు దగ్గర. లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి పైన తాడు కట్టు చూస్తున్నాను. గోడలు తిరిగాయి. నేను కాదు, గోడలు. తాడు పట్టుకున్నాను, తాడూ తిరిగింది. కాసేపటికి సర్దుకుంది. ఆకలనుకున్నాను. రెండోసారి ఆకలి కాదు. మూడోసారి చేతిలో పెద్ద స్పానరు ఉంది. అది ఎప్పుడు జారిందో తెలియదు. కింద గొయ్యిలో వాడున్నాడు. వాడి భుజానికి రాసుకుంటూ పోయి నేలకు కొట్టుకుంది. చెయ్యి జారిందన్నాను. వాడు పైకి చూసి, "చెమటా?" అన్నాడు. "ఆఁ, చెమట," అన్నాను. ఆ మర్నాడే మోకాలు కథ చెప్పి కిందికి మారాను.

నెలాఖరుకు పైన మోటారు గదిలో పని. అక్కడ ఇద్దరూ ఉండి తీరాలి. ఒకడు తాడు వదిలితే రెండోవాడు పట్టాలి. చెప్పేద్దామంటే, ఈ పనిలో కళ్ళు తిరుగుతాయని ఒక్కసారి పేరుపడితే మళ్ళీ ఎవడూ పైకి ఎక్కనివ్వడు. స్టోర్లో బోల్టులు లెక్కపెట్టమని కూర్చోబెడతారు. ఇరవై ఏళ్ళు చేసిన పని వదినా. నాకు వేరేది రాదు.

ఇది రోగమా, వయసొచ్చి పట్టిన భయమా అన్నది నాకు తేలాలి. ఆ బండి అందుకే. అంత వేగంలో భయమైతే బయటపడుతుంది, బయటపడితే అణిచేస్తాను. ఏమీ కాకపోతే నాకేమీ లేనట్టే, ధైర్యంగా పైకి ఎక్కుతాను. నవ్వుకో.

వాడు ఇదే కదా చెప్పింది?

మరిది


సీటు కొట్టు
శనివారం

మరిదీ,

నా దగ్గరికి ఎవరూ రాలేదు. నీ జోడీగాడి మొహం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. గాలం వేశాను, నువ్వు దారంతో సహా మింగావు. వాణ్ణి తిట్టి ఉంటే ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకో. ఎటూ పట్టుకోవలసిన వాడివే.

నవ్వుకోమన్నావు. నవ్వు రాలేదు. స్పానరు భుజానికి రాసుకుంటూ పోయిందా? నాలుగు వేళ్ళు ఇటు పడి ఉంటే? ఆ పూట వాడింటికి వెళ్ళి వాళ్ళావిడకు ఏం చెప్పేవాడివి, చెమట అనా? నీ వైద్యం కూడా చూశాను, పంటినొప్పి ఎంతుందో తేల్చుకోవడానికి సుత్తితో కొట్టుకుంటానంటున్నావు. నూటయాభై వేగంలో గోడలు తిరిగితే, అక్కడ గోడలు ఉండవురా, లారీలుంటాయి.

ఇప్పుడు బండి సంగతి. ఆ బండిని నీకు అబద్ధం చెప్పి చెడగొట్టడం నాకు చిటికెలో పని. ఫ్రేములో చీలిక ఉంది, అతుకు వేసి రంగు పూశారు అని రాస్తే చాలు. రాత్రంతా ఆ అబద్ధమే అల్లాను. చాలా బాగా వచ్చింది కూడా. తెల్లారి చింపేశాను. నువ్వు నాకు నిజం రాశాక నేను నీకు అబద్ధం రాస్తే, ఇక మనిద్దరిలో ఎవరి మాటకు ఎవరు విలువిస్తారు?

కాబట్టి నిజమే రాస్తున్నాను. బండి బంగారం. నా చేతికి ఇన్నేళ్ళలో అంత మంచి బండి తగల్లేదు. నువ్వే బాలేవు. ఎక్కకు.

వదిన


అద్దె గది
మంగళవారం

వదినా,

నీ ఉత్తరం చదివి నాకు రెట్టింపు అనుమానం వచ్చింది. నువ్వు తిడితే బండి మంచిదని అర్థం. బంగారం అన్నావంటే దాని వెనక ఏదో కప్ప ఉండి తీరాలి. ఎక్కకు అన్నది కూడా ఎక్కాలనిపించడానికే రాశావేమో. ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కి, ఆదివారం పని ఎగ్గొట్టి మొదటి బస్సుకు బయల్దేరి వచ్చాను. నీకు చెప్పకుండా. నీ కొట్టు ముందు నుంచే నడిచాను. నువ్వు దారం కొరుకుతూ ఎవరినో తిడుతున్నావు. ఆగలేదు.

డ్రైవింగ్ స్కూలాయన షట్టరు ఎత్తాడు. ఇంజను మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"మీరే స్టార్టు చేసుకోండి," అన్నాడు.

"వెనక కూర్చుంటారా?"

"నా వైపు బ్రేకు లేని బండి నేనెక్కనండీ."

వెళ్ళాను. బండి బంగారమే వదినా. అంత మెత్తగా, అంత కోపంగా ఉన్న వస్తువును నేనెప్పుడూ పట్టుకోలేదు. వీధి చివరిదాకా ఏమీ కాలేదు. లోపల ఏదో గట్టిగా నవ్వింది, చూశావా, నీకేం లేదు అని. మలుపు దగ్గర వేగం తగ్గించి, బళ్ళొస్తున్నాయేమోనని కుడివైపు తల తిప్పాను.

వీధి తిరిగింది.

కాలు కింద పెట్టాను. బరువంతా ఆ కాలి మీద పడింది. పట్టుకోలేను, వదల్లేను. వెనకనుంచి కార్లవాళ్ళ హారన్లు. ఆయన చెప్పులు ఊడిపోయినా ఆగకుండా పరుగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. "వదిలేయండి, నేను పట్టుకున్నా," అన్నాడు. ఇరవై ఏళ్ళలో పనిలో నేను అనడమే గాని, నాతో ఎవరూ అనలేదు ఆ మాట.

"కళ్ళు తిరిగాయా?"

"ఆఁ."

"తల తిప్పినప్పుడేనా? రివర్సు చేయడానికి వెనక్కి చూస్తే చాలు, మా స్కూల్లో ఒకావిడకు ఇలాగే అయ్యేది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళింది."

"చెవి డాక్టరా?"

"నేనూ అలాగే అడిగాను."

అప్పుడు వెలిగింది. నాలుగో అంతస్తు దగ్గర పైకి చూశాను. రెండోసారీ పైకే. స్పానరు జారినప్పుడు మెడ వెనక్కి వాల్చి ఉన్నాను. ఎత్తు కాదు వదినా, భయమూ కాదు.

ఇంజను ఆపి ఇద్దరం బండిని తోసుకుంటూ వెనక్కి నడిచాం. ఆయనకు అంతా చెప్పాను. నీకు రాయడానికి అన్ని ఉత్తరాలు పట్టిన సంగతి ఆ వీధి దాటేలోగా చెప్పేశాను. ఆయన షెడ్డు గుమ్మం దాకా బండి తోశాడు. తర్వాత, "కొన్న రోజున నేను కూడా ఆ మలుపు దగ్గరే ఆగిపోయానండీ. నా చెవులు మాత్రం బాగానే ఉన్నాయి," అన్నాడు.

సోమవారం పనికి వెళ్ళి ముందుగా జోడీగాడికి చెప్పాను. వాడు టిఫిన్ డబ్బా మూత పెట్టి, "స్పానరుకు చెమట పట్టదని నాకు తెలుసులే. నువ్వు చెప్తావని చూస్తున్నా. ఇంకో రెండ్రోజులు చూసి నేనే చెప్దును," అన్నాడు. సూపర్‌వైజరు పైకి వేరేవాణ్ణి వేశాడు. నన్ను స్టోర్లో కూర్చోబెట్టాడు. బోల్టులు లెక్కపెడుతున్నాను. చాలా బోల్టులున్నాయి.

చెవి డాక్టరు నన్ను బల్ల మీద ఒక్కసారిగా పడుకోబెట్టి తల పక్కకు తిప్పాడు. ఆసుపత్రి మొత్తం గిరగిరా తిరిగింది. ఆయన నా కళ్ళలోకి చూసి, రోగం దొరికిందని సంతోషించాడు. చెవి లోపల ఇసుకరేణువంతవి ఏవో చోటు తప్పాయట. ప్రతి సోమవారం రమ్మన్నాడు, తల అటూ ఇటూ తిప్పి వాటిని వాటి చోటికి పంపిస్తాడట. మళ్ళీ పైకి ఎక్కవచ్చా అని అడిగాను. ఎక్కవచ్చేమో అన్నాడు. ఎక్కుతావు అనలేదు.

ఇదంతా నిజం.

మరిది


సీటు కొట్టు
శుక్రవారం

చిరంజీవి మరిదికి నూరేళ్ళ దీవెనలు.

ఈసారి పూర్తిగా నూరేళ్ళూ రాశాను, చూసుకో.

నా కొట్టు ముందునుంచి వెళ్ళి ఆగలేదా? దానికి వేరే లెక్క ఉంది, కాగితం మీద తేలదు.

బండి అమ్ముడుపోయింది. ఒక నర్సమ్మ వచ్చింది, హెల్మెట్ తనదే తెచ్చుకుంది. ఏమీ అడగలేదు. ఎక్కింది, మలుపు దగ్గర ఒరిగింది, పోయింది. రెండు బ్రేకులాయన వీధిలో నిలబడి శబ్దం వినపడినంతసేపూ విన్నాడట. వాళ్ళావిడ చెప్పింది. "ఇప్పుడు పొద్దున్నే ఏం చేస్తున్నారు?" అన్నాను. "నాతో నడుస్తున్నారు. నిజంగానే వంతెన దాకా," అంది. ఆవిడకు ఒక కుర్చీ దిండు ఊరికే కుట్టిచ్చాను. వెనక సందులో కూర్చుని చూసిన సంగతి చెప్పలేదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా కడుపు ఎంత గట్టిదో నాకే తెలియదు.

మీ అన్నయ్యకు మాత్రం నీ సంగతి చెప్పాను. కొట్టు తలుపులు మూసి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను.

"చెవిలో ఇసుకా? వాడికా?" అని అరిచాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"స్పీకరు పెడతావని."

ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత లేచి వెళ్ళి ఫోనులో ఆ స్పీకరు మీట ఎక్కడుందో, ఎలా ఆపాలో పక్కింటివాళ్ళను అడిగాడు. నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ఏమీ వినపడక "ఎవరూ, ఎవరూ" అంటున్నాడు. అయినా మళ్ళీ పెట్టనంటున్నాడు.

నువ్వు రాసిన ప్రతి అక్షరమూ నమ్మాను. జోడీగాడు అన్నదీ, బోల్టులూ, డాక్టరు మాటా, అన్నీ. ఒక్క ముక్క మీద కూడా నాకు అనుమానం లేదు.

ఆదివారం మొదటి బస్సుకు మేమిద్దరం వస్తున్నాం. సోమవారం ఆ డాక్టరు నిన్ను బల్ల మీద పడుకోబెట్టి తల తిప్పేటప్పుడు, నీ కళ్ళలోకి నేను కూడా చూస్తాను.

వదిన